బురదలో పండిన నలుపు: షియాంగ్‌యున్‌షా పట్టు కొనేవాళ్లకు పూర్తి సమీక్ష

షియాంగ్‌యున్‌షా బట్టను చేత్తో నలిపితే ఎండిన తాటాకు విసనకర్ర కదిలించినట్టు గరగరమంటుంది. పట్టు అంటే జారుడు, మెత్తదనం, మెరుపు అనుకునేవాళ్లకు ఇది పట్టేనా అన్న అనుమానం వస్తుంది. ముఖంవైపు నిగనిగలాడే నలుపు, వెనకవైపు వక్కపొడి రంగు. రెండూ ఒకే దారాల మీదివి. ఆ చప్పుడు వల్లే మొదట దీన్ని చైనాలో ‘చప్పుడు చేసే మేఘం’ అనే అర్థం వచ్చే పేరుతో పిలిచారు. తర్వాత అదే ఉచ్చారణకు ‘పరిమళం’ అని అర్థం వచ్చే అక్షరం వచ్చి చేరింది.

ఇక్కడ చూస్తున్నవి మీటర్ల లెక్కన అమ్మే మూడు రకాలు: జాలీ నేతది, సాదా నేతది, పూల ముద్రలు వేసిన కొత్త రకం. తీర్పు ముందే చెప్పేస్తే చదవడం సులువు. ఉక్కపోత ఊళ్లలో ఉండేవాళ్లు జాలీ నేత తీసుకోండి, పెట్టిన ప్రతి రూపాయికీ న్యాయం చేస్తుంది. సాదా నేత మంచిదే, కానీ కుట్టేవాళ్ల చేతిని బట్టి ఉంటుంది. పూల ముద్రల రకానికి అంత ధర పెట్టక్కర్లేదు. బట్టలన్నీ వాషింగ్ మెషీన్‌లోనే వేసే ఇంట్లో ఈ మూడింటిలో ఏదీ బతకదు.

ఈ పట్టుకు పేరుమోసిన చోటు దక్షిణ చైనాలోని గువాంగ్‌డాంగ్ రాష్ట్రపు షున్‌డె. ఇప్పుడది ఫోషాన్ నగరంలో భాగం, ముత్యాల నది డెల్టాలో ఉంటుంది. అక్కడి లున్‌జియావ్ ఈ అద్దకానికి పేరున్న ఊరు. 2008లో చైనా ప్రభుత్వం ఈ అద్దకపు పనిని జాతీయ స్థాయి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. 1920, 30లలో బాగా నడిచి, తర్వాత సింథటిక్ బట్టల దెబ్బకు కుదేలై, ఇప్పుడు మళ్లీ ఖరీదైన బట్టగా తిరిగొచ్చింది.

రంగు ఎక్కడిదో తెలిస్తే మంచిచెడ్డలు సగం వాటంతటవే అర్థమవుతాయి. మన పెండలం జాతికి చెందినదే ఒక అడవి దుంప ఉంది, చైనాలో షులియాంగ్ అంటారు. కోస్తే లోపల ఎర్రగా ఉంటుంది, నిండా వగరు. దాన్ని దంచి, నీళ్లు పోసి, పిండి రసం తీస్తారు. మొదటి పిండుడు చిక్కన, ఆ తర్వాతవి పలచన. ఆ చిక్కదనాన్ని బట్టి ఏ విడతకు ఏ రసమో నిర్ణయిస్తారు. తెల్లటి పట్టును రసంలో ముంచి, గడ్డి మైదానం మీద సుమారు 20 మీటర్ల తానులుగా పరిచి ఎండబెడతారు. తాను కొసలకు చిన్న చిన్న గుడ్డ చెవులు కుట్టి, వాటిలో వెదురు కర్రలు దూర్చి బిగువుగా లాగి ఉంచుతారు. పొట్టి గడ్డి మొనలు బట్టను నేలకు అంటకుండా లేపి పట్టుకుంటాయి కాబట్టి కిందనుంచి గాలి ఆడుతుంది. సిమెంటు నేల మీద ఆరేస్తే ఆ గాలి ఉండదు, వెనకవైపు రంగు మరకలు మరకలుగా తేలుతుంది.

ముంచడం, ఎండబెట్టడం, పైన రసం చల్లడం, మళ్లీ ఎండబెట్టడం, మధ్యమధ్యలో సుమారు 50 డిగ్రీల వేడి రసంలో తిప్పడం. ఈ పనినే ‘మూడు ఆవిర్లు, తొమ్మిది ఉడకలు, పద్దెనిమిది ఎండలు’ అని అక్కడ నానుడిగా చెబుతారు. విడివిడిగా లెక్కపెడితే తడిపి ఆరబెట్టడమే 30 సార్లు దాటుతుంది. ఎండ ఉన్న రోజులే లెక్కకొస్తాయి కాబట్టి ఒక తాను చేతికి రావడానికి రెండు వారాలు సులువుగా పడుతుంది. పని కూడా ఇంచుమించు ఏప్రిల్ నుంచి నవంబరు మొదళ్ల వరకే.

ఈ చోట కలంకారీ తెలిసినవాళ్లకు ఒక పోలిక చెప్పాలి. పెడనలో, శ్రీకాళహస్తిలో గుడ్డను ముందు కరక్కాయ, గేదెపాలలో ముంచుతారు. ఇనుప తుక్కును బెల్లం నీళ్లలో ఊరబెట్టి తీసిన ద్రావకం దాని మీద పడగానే నలుపు పుడుతుంది. షియాంగ్‌యున్‌షా నలుపూ అదే: వగరు, ఇనుము కలిస్తే నలుపు. తేడా వగరులో ఉంది. కరక్కాయ వగరు గుడ్డను లేత పసుపుగానే ఉంచుతుంది. దుంప వగరు తోలు పదునుపెట్టే తుమ్మబెరడు వగరు లాంటిది. గాలి, ఎండ తగిలేకొద్దీ ఎర్రబడి, గట్టిపడి, నీళ్లలో కరగని పొరగా దారం చుట్టూ బిగుసుకుంటుంది. అందుకే కలంకారీ గుడ్డ మెత్తగా ఉంటుంది, ఈ పట్టు వార్నిష్ పూసినట్టు ఉంటుంది. గువాంగ్‌డాంగ్ జాలర్లు తమ వలలను ఇదే దుంప రసంలో ముంచేవాళ్లు, నీళ్లలో నానినా కుళ్లకుండా.

ఇక బురద. డెల్టా నదుల అడుగునుంచి తీసిన మెత్తటి, ఇనుము నిండిన ఒండ్రును ఇసుక, పుల్లలు లేకుండా చేసి జావలా కలుపుతారు. బట్టను పరిచి ఒక్క ముఖానికే పూస్తారు. ఇది తెల్లవారకముందే, సూర్యుడు రాకముందే అయిపోవాలి. ఎండ తగిలితే బురద ఒకచోట ముందు, ఒకచోట వెనక ఎండిపోతుంది, నలుపు సమంగా రాదు, వెనకవైపుకు కూడా మచ్చలుగా దిగుతుంది. కాసేపు ఆగి నీళ్లలో కడిగేస్తే ముఖం నల్లగా, వెనక ఎర్రగా మిగులుతుంది. బురద చిక్కగా ఉండి పైనే కూర్చోవడం వల్లే ఈ రెండు రంగులూ సాధ్యం. ఎవరైనా తొందరపడి బురద బదులు అన్నభేది (ఇనుప సల్ఫేటు) నీళ్లు వాడితే ఇనుము దారం లోపలికంటా ఇంకిపోతుంది. రెండువైపులా నల్లబడుతుంది, పైగా ఆ పులుపు పట్టును పెళుసు చేస్తుంది. చివరగా సాయంత్రం పూట బట్టను మళ్లీ గడ్డి మీద పరుస్తారు. నేలనుంచి లేచే తేమ, మంచు పీల్చుకుని అప్పటిదాకా రేకులా ఉన్న బట్ట కాస్త వంగుతుంది. ఈ మెట్టు ఎగ్గొట్టిన తాను మడత పెట్టగానే గీత పడుతుంది.

ఇప్పుడు రకాల సంగతి.

జాలీ నేతలో పోగులు ఒకదానితో ఒకటి మెలికపడి సన్నటి కన్నాలు వదులుతాయి, మధ్యలో నేతలోనే చిన్న చిన్న గుర్తులు అల్లుతారు. వెలుగుకు ఎత్తి పట్టుకుంటే సూదిమొనల్లాంటి చుక్కలు వరసగా కనిపిస్తాయి. ఆ కన్నాల్లోంచి గాలి ఆడుతుంది. పైన వగరు పొర ఉండటంతో చెమట పట్టినా బట్ట ఒంటికి అతుక్కోదు, దూరంగా నిలబడుతుంది. తడి త్వరగా ఆరిపోతుంది. షున్‌డె వేసవికీ మన కోస్తా వేసవికీ ఉక్క విషయంలో పెద్ద తేడా లేదు కాబట్టి విశాఖ, మచిలీపట్నం, కాకినాడ లాంటి చోట్ల ఇది నిజంగా పనికొచ్చే బట్ట. లోపం ఒక్కటే: కన్నాల అంచుల్లో రసం పేరుకుని కొన్ని చోట్ల గుర్తులు మూసుకుపోయినట్టు ఉంటాయి. తానులో అక్కడక్కడా అలా ఉంటే పర్లేదు. మీటరు పొడవునా ఉంటే చివరి విడతల్లో చిక్కటి రసం వాడేశారన్నమాట. ఆ ముక్క వద్దనండి.

సాదా నేతకు నిగారింపు ఎక్కువ. నలుపు పలక మీద నూనె చెయ్యి రాసినట్టుంటుంది. గాలి తక్కువ ఆడుతుంది. ఒదులుగా ఉండే కుర్తా, పైన వేసుకునే జాకెట్టు, పలాజో లాంటివాటికి బాగుంటుంది. ఒంటికి పట్టే బ్లౌజుకు మాత్రం వద్దు. చంక దగ్గర, మోచేతి మడత దగ్గర నలుపు ముందుగా అరిగి, కింద ఉన్న ఎరుపు సన్నటి నరాల్లా బయటికొస్తుంది. వదులు దుస్తుల్లో ఇదే అరుగుదల అందంగా కనిపిస్తుంది, పాత తోలు చెప్పుకు వచ్చే రంగులా. బిగుతు బ్లౌజులో అయితే రెండు చంకల కింద రెండు మచ్చల్లా ఉండిపోతుంది.

పూల ముద్రల రకంలో చాలావరకు దుంప రంగు వేసిన బట్ట మీద యంత్రంతో పూలు ముద్రిస్తారు. మెత్తదనం కోసం రాపిడి పెట్టి కడుగుతారు కూడా. దాంతో చేతికి హాయిగానే ఉంటుంది, కానీ ఆ గరగర పోతుంది, నీటి బొట్టు పైన నిలవకుండా ఇంకిపోతుంది, గాలి ఆడే గుణమూ తగ్గుతుంది. పూలు నచ్చి కొనుక్కుంటే తప్పులేదు. ఈ బట్టకు ఇంత ధర దేనికోసమో, ఆ గుణమే ఇందులో సన్నగిల్లిపోయిందని మాత్రం తెలిసి కొనాలి. బురద అసలే వేయకుండా దుంప రంగు దగ్గరే ఆపేసి రెండువైపులా ఎర్రగా అమ్మేవీ ఉన్నాయి. అవి నకిలీ కావు, సగం పని చేసినవి. ధరా అలాగే తగ్గాలి.

అసలుదో కాదో తేల్చుకోవడానికి అందరూ కాల్చి చూడమంటారు. కాలిస్తే అది పట్టో పాలిస్టరో తెలుస్తుంది. జుట్టు కాలిన వాసన వచ్చి, నలిపితే పొడయ్యే బూడిద మిగిలితే పట్టు. రంగు సంగతి మాత్రం తెలియదు. దానికి ఇంకో పరీక్ష: తాను అంచునుంచి ఒక్క పోగు లాగండి. సాదా నేతలోంచి లాగిన పోగును తెల్ల కాగితం మీద పెట్టి భూతద్దంలో చూస్తే నల్లపూసలు గుచ్చినట్టు ఉంటుంది. ఒక నలుపు, ఒక ఎరుపు, మళ్లీ నలుపు, మళ్లీ ఎరుపు. నేతలో పోగు ముఖంవైపు తేలిన ప్రతిచోటా బురద తగిలింది, వెనక్కి మునిగిన చోట తగల్లేదు. పోగు మొత్తం నల్లగా ఉంటే రంగు తొట్టిలో ముంచి తీసిందే. పైన నలుపు పొలుసుల్లా రాలి లోపల తెల్లగా ఉంటే అది పూత.

రెండో పరీక్షకు నిమ్మకాయ చాలు. చిన్న ముక్క నలుపు వైపున ఒక చుక్క పిండి, ఐదు నిమిషాలు ఆగి తుడవండి. ఇనుము, వగరు కలిసిన నలుపైతే పులుపుకు విడిపోతుంది, ఆ చోట వక్క రంగు బయటపడుతుంది. రసాయన రంగు అయితే కదలదు. అయితే ఇది నలుపులో ఇనుముందని చెబుతుందే గానీ, వగరు ఫలానా దుంపదేనని చెప్పదు. దానికి వెనకవైపు చూడాలి. ఎరుపు ఎక్కడా ఒకే మట్టంలో ఉండదు, అంచుల్లో కాస్త ముదురు, అక్కడక్కడా గడ్డి ఆనిన గుర్తులు, చిన్న నీటి మరకలు ఉంటాయి. తాను పొడవునా మచ్చ లేకుండా ఒకే రంగు కనిపిస్తే గడ్డి మైదానం చూడని బట్ట అనుకోవచ్చు. నలుపు బూడిద రంగుకు తిరిగి ఉంటే రసం విడతలు తగ్గించారని అర్థం. ఇనుముకు పట్టుకోవడానికి సరిపడా వగరు లేనప్పుడే అలా వస్తుంది.

పరీక్షకు ముక్క ఇవ్వనన్న దుకాణంలో కొనకండి. అరచేయంత ముక్కను ముందుగా పంపించేవాళ్లు ఉన్నారు, దానికి డబ్బు అడిగినా ఇవ్వడం మేలు. తూకం విషయంలోనూ ఒక మాట అడగాలి. పట్టును మొమ్మెల్లో చెబుతారు. ఒక మొమ్మె అంటే చదరపు మీటరుకు సుమారు 4.34 గ్రాములు. వగరు పొర ఎక్కాక బట్ట బరువు బాగా పెరుగుతుంది. చెప్పిన మొమ్మె తెల్లటి పట్టుదా, రంగు వేశాకదా అన్నది తేల్చుకోకపోతే పలచటి పట్టుకు మందపు పట్టు ధర కట్టినట్టే. ఎప్పుడు అద్దినదో కూడా అడగండి. కొత్త తానును కొన్ని నెలలు నిలవపెట్టాకే వాడటం అక్కడి పద్ధతి. ఈలోగా పొర కుదురుకుంటుంది. నిన్నమొన్నటి తాను అయితే కొనేసి బీరువాలో ఉంచినా ఇబ్బంది లేదు.

కుట్టించేటప్పుడు టైలర్‌తో ముందుగానే మాట్లాడాలి, ఎందుకంటే ఈ బట్ట తప్పును క్షమించదు. సూది గుచ్చిన చోట పొర చిట్లుతుంది, కుట్టు విప్పితే కన్నాల వరస అలాగే ఉండిపోతుంది. గుండుసూదులు కుట్టు మార్జిన్‌లోనే పెట్టాలి, వీలైతే వాటి బదులు క్లిప్పులు. 9 లేదా 11 నంబరు కొత్త సూది, పట్టుదారం, 2.5 మిల్లీమీటర్ల కుట్టు. మరీ దగ్గర కుట్టు వేస్తే కన్నాలన్నీ కలిసి స్టాంపు చింపినట్టు అక్కడే చిరుగుతుంది. డాట్లు తగ్గించి, పెద్ద ముక్కలుగా కత్తిరించేలా డిజైన్ ఎంచుకోండి. అంచులకు ఓవర్‌లాక్ కన్నా లోపలికి మడిచి రెండుసార్లు వేసే కుట్టే బాగా ఆగుతుంది. మార్కింగ్ వెనకవైపే. కొలతల మీద ఏమాత్రం అనుమానం ఉన్నా ముందు పాత నూలుగుడ్డతో ఒక నమూనా కుట్టించి, సరిచూసుకుని, ఆ తర్వాతే కత్తెర పెట్టించండి. ఫుల్ చేతుల కుర్తాకు 114 సెంటీమీటర్ల వెడల్పులో రెండున్నర మీటర్లు కావాలి. ముఖంవైపు ఏదో, వెనక ఏదో అన్నది కూడా మీ ఇష్టమే. ఎరుపు వైపును పైకి పెట్టి, కాలరు, చేతి అంచులు నలుపు వైపు తిప్పి కుట్టించుకుంటే ఒకే బట్టలో రెండు రంగులు వస్తాయి. లైనింగ్ వేయకండి. వేస్తే గాలి ఆడదు, ఒంటికి అంటని గుణం పోతుంది.

ఉతకడం చాలా తేలిక. చల్లటి నీళ్లలో రెండు మూడుసార్లు ఆడించి, పిండకుండా, నీడన ఆరేస్తే చాలు. నానబెట్టకూడదు, బ్రష్ పెట్టకూడదు, సబ్బు బిళ్ల రుద్దకూడదు. డిటర్జెంటు పొడిలోని క్షారం పట్టుకూ చెరుపే, పొరకూ చెరుపే. మురికి మరీ పట్టితే క్షారం లేని పట్టు లిక్విడ్ కొన్ని చుక్కలు. పట్టుకు మెరుపు వస్తుందని ఆఖరి నీళ్లలో వెనిగర్ కలిపే అలవాటు కొందరికి ఉంది. ఇక్కడ అది పనికిరాదు, నిమ్మచుక్క చేసిన పనే వెనిగర్ బట్ట మొత్తానికి చేస్తుంది. మొదటి ఒకటి రెండు ఉతుకుల్లో నీళ్లు టీ రంగులో వస్తే కంగారుపడక్కర్లేదు, పైన మిగిలిన రసం అది. నల్లటి నీళ్లు వస్తూనే ఉంటే మాత్రం తిరిగి ఇచ్చేయండి. ఇస్త్రీ వెనకవైపునుంచి, మధ్యలో నూలుగుడ్డ పరిచి, తక్కువ వేడి మీద.

మన ఇళ్లలో దీనికి అసలు శత్రువు చింతపండు. చారు, పులుసు, నిమ్మకాయ పులిహోర, మజ్జిగ, ఏది ఒలికినా నలుపు వైపున ఎర్రటి మచ్చ పడుతుంది. అది మరక కాదు, నలుపు ఊడిన చోటు. ఎంత ఉతికినా తిరిగి రాదు. ఒలికిన క్షణంలోనే చల్లటి నీళ్లు పోసి, రుద్దకుండా అద్ది తీస్తే చాలావరకు దక్కుతుంది. భోజనాల పంక్తికి ఈ బట్టలో వెళ్లేవాళ్లు ఎరుపు వైపును బయటికి పెట్టి కుట్టించుకోవడమే నయం. ఎరుపు పులుపుకు ఇంతగా లొంగదు.

ఎన్నాళ్లు మన్నుతుందంటే, జాగ్రత్తగా వాడితే ఏళ్లు గడుస్తాయి, గరగర తగ్గి మెత్తబడి ఇంకా బాగా ఒదుగుతుంది. కానీ వంశపారంపర్యంగా ఇచ్చే పట్టుచీరలా దీన్ని చూడకండి. ఇనుముతో వచ్చిన నలుపుకు ఒక గుణం ఉంది, కాలం గడిచేకొద్దీ అది పట్టుకున్న దారాన్నే తింటుంది. పాత కలంకారీ గుడ్డల్లో ఎరుపు పూలు చెక్కుచెదరకుండా ఉండి, వాటి చుట్టూ నల్లగీత ఉన్నచోట మాత్రం గుడ్డ రాలిపోయి ఉండటం ఇందువల్లే. ఈ పట్టులో ఆ నలుపు ఒక ముఖానికే ఉంది, కింద దట్టమైన వగరు పొర ఉంది, కాబట్టి వెంటనే జరగదు. మొదట తెగేది మడతల దగ్గర. బీరువాలో మడతపెట్టి బరువు పెట్టకుండా, అట్టగొట్టానికి ఎరుపు వైపు లోపలికి వచ్చేలా వదులుగా చుట్టి, తెల్లటి నూలుగుడ్డలో ఉంచండి. కుట్టించిన దుస్తులైతే వెడల్పాటి హ్యాంగరుకు వేలాడదీయండి. సన్నటి తీగ హ్యాంగరు వద్దు, భుజాల మీద గీత పడిందంటే ఆ గీత వెంబడే నలుపు పగులుతుంది.